ఓడనివాడు గొప్పవాడా?

సంక్రాంతి వెళ్ళిన పదిహేను రోజులకు మా అమ్మాయి ఎడమ కంటి కింద నేరేడుపండంత వాపుతో యింటికి వచ్చింది. కళాశాలల మధ్య జరిగిన బాక్సింగు పోటీకి వెళ్ళి, చివరి పందెంలో ఓడిపోయి, రాత్రి బస్సుకు అమలాపురం గడియార స్తంభం దగ్గర దిగింది. సంచీ నేను అందుకున్నాను. దారి పొడుగునా అది ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు. వీధి తలుపు తీసిన మా ఆవిడ మాత్రం దీపం వెలుగులో ఆ మొహం చూసి, “యింక చాలమ్మా, చాలు” అన్నది. ఆ “చాలు” అన్న మాట మీద మా యింట్లో రెండు వారాలు వాదం జరిగింది. యీ వ్యాసం అందులోనుంచి పుట్టినదే.

నేను తెలుగు మేష్టర్ని. యేళ్ళ తరబడి పిల్లలకు భారత యుద్ధం పాఠం చెబుతున్నాను గాని, మనిషి మనిషిని కొట్టడం కళ్ళెదుట జరిగితే తల తిప్పుకునే రకం. మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేతులకు ఆ బొద్దు తొడుగులు వేసుకున్ననాడు, నాలుగు రోజుల ముచ్చట కాబోలు అనుకున్నాను. మన కోనసీమలో ఆడపిల్ల బాడ్మింటను రాకెట్టు పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి మా అమలాపురం కుర్రవాడే. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో కలిసి జంటల ఆటలో బంగారు పతకం తెచ్చాడు. ఆ ఆటంటే మాకు గర్వం. బాక్సింగు సంగతి అలా కాదు. “అదేం ఆటండీ, ఆడపిల్లకి?” అన్న ప్రశ్న రావులపాలెం నుంచి రాజోలు దాకా ఒకే రాగంలో వినిపిస్తుంది.

మర్నాడు కబురందుకుని కొత్తపేట నుంచి మా మావగారు వచ్చారు. మనవరాలి చెంప నిమిరి, “ఓడిపోయేదానికి వళ్ళు హూనం చేసుకోవడం దేనికే? గొప్పవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఓటమంటే ఏమిటో తెలీదు” అన్నారు.

“ఎప్పుడూ ఓడనివాడేనా తాతయ్యా, గొప్పవాడు?” అన్నది మా అమ్మాయి. పోటీనుంచి వచ్చిన తరువాత అది నోరు విప్పి అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆయన నా వైపు చూశారు. మా ఆవిడ కూడా చూసి, “ఎమ్మే చదివారుగా, చెప్పండి” అన్నది. నా ఎమ్మే యిలాంటి ప్రశ్నకు అక్కరకు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. నాలుగు రోజులు గడువు అడిగాను.

లెక్కలు చెప్పని సంగతి

వెదకగా మొదట దొరికిన సాక్షి మా మావగారి పక్షం వాడే. పేరు రాకీ మార్సియానో; అమెరికావాడు. 49 పోటీలు చేసి 49 గెలిచాడు. 1956లో తప్పుకున్నాడు. హెవీవెయిట్ ప్రపంచ విజేతలలో ఒక్క ఓటమి లేకుండా బరి దిగిపోయినవాడుగా అతని పేరు నేటికీ చెప్పుకుంటారు.

అయినప్పటికీ, బాక్సింగు తెలిసిన పెద్దలు “అందరిలోకీ ఎవరు గొప్ప?” అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది మార్సియానో పేరు చెప్పరు, షుగర్ రే రాబిన్సన్ పేరు చెబుతారు. ఈ రాబిన్సన్ తన జీవితంలో 19 సార్లు ఓడిపోయినవాడు! ఏ బరువువాడిని ఆ బరువుతో సరితూచి, అందరి బరువూ ఒకటే అయితే ఎవరు నెగ్గుతారని ఊహించి చెప్పే లెక్క ఒకటి బాక్సింగులో వున్నది. ఆ లెక్కలో రాబిన్సన్‌దే పెద్దపీట.

నలభై తొమ్మిదికి నలభై తొమ్మిదీ గెలిచినవాడు కింద, పంతొమ్మిది ఓడినవాడు పైన. యిదేమి న్యాయం?

ఈ చిక్కును విప్పిన ఆయన మా వీధి చివర వుంటారు. డెబ్భై దాటిన రైతు. కుర్రతనంలో పుంజులను పెంచినవాడు. కోడిపందేలు చట్టం నిషేధించిన సంగతీ, సంక్రాంతి మూడు రోజులూ మన దీవిలో ఆ చట్టానికి పట్టే గతీ పాఠకులకు తెలియనివి కావు. కత్తి కట్టి కోళ్ళను చంపుకోవడం నాకు ఏనాడూ గిట్టదు. కాని ఆయన మాట విన్న తరువాత ఆ బరి దగ్గర కూడా ఒక విమర్శశాస్త్రం వున్నదని ఒప్పుకోక తప్పలేదు. “ఎన్ని పందేలు కొట్టిందని కుర్రాళ్ళు అడుగుతారండీ. దేన్ని కొట్టిందని మేం అడుగుతాం. ఆయ్, ముసలి పుంజుల్ని పది కొట్టినా లెక్కేవుందండీ?” అన్నాడాయన.

యింటికి వచ్చి మార్సియానో కథ మళ్ళీ తిరగేశాను. 1951లో అతను జో లూయీని పడగొట్టేనాటికి లూయీకి 37 యేళ్ళు. మునుపటి చురుకు పోయింది. తరువాత ఓడించిన జెర్సీ జో వాల్కాట్, ఆర్చీ మూర్ కూడా వయసు మళ్ళినవాళ్ళే. అది మార్సియానో తప్పు కాదు. తన కాలంలో ఎవరున్నారో వాళ్ళతోనే కదా పోరాడగలడు! కాని, గొప్పతనం తూచే తక్కెడలో ఒక పళ్ళెం ఎప్పుడూ ఎదుటివాడిది. రాబిన్సన్ తనకన్నా బరువైన జేక్ లమోటాతో ఆరుసార్లు తలపడ్డాడు. 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో ఓడాడు. అదే నెల 26న, అదే వూళ్ళో, అదే మనిషిని గెలిచాడు. ఆరింటిలో అయిదు అతనివే. ఓడించినవాడిని తప్పించుకు తిరగకుండా మూడు వారాలలో మళ్ళీ ఎదుట నిలబడ్డాడన్నమాట.

నాకు సభాపర్వం గుర్తుకు వచ్చింది. కృష్ణుడు, భీముడు, అర్జునుడు గిరివ్రజానికి వెళ్ళి, మాలో ఎవరితో పోరాడతావో ఎంచుకోమన్నప్పుడు జరాసంధుడు భీముణ్ణి కోరుకుంటాడు. ఓడితే తనకన్న మేటి అయినవాడి చేతిలో ఓడడమే మేలన్నది వ్యాసభారతంలో అతను చెప్పే కారణం. చెడ్డవాడే, రాజులను చెరపట్టినవాడే. అయినా మనవాళ్ళు జరాసంధుణ్ణి సామాన్యుడిగా ఎన్నడూ ఎంచలేదు. అందుకు ఆ ఎంపిక కూడా ఒక కారణమేమో.

ఎడమ చేయి కిందికి దిగినప్పుడు

మూడో రోజు సాయంత్రం పెరట్లో కొబ్బరిచెట్ల కింద మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. నిలబడే తీరు, ఎడమ కాలు ముందుకు, గడ్డం కిందికి, మోచేతులు పక్కలకు. “దెబ్బ చేతిలోంచి రాదు నాన్నా, వెనక మడమలోంచి వస్తుంది. నేలని తన్నితే నడుం తిరుగుతుంది; నడుం తిరిగితే భుజం వెళుతుంది; చెయ్యి చివర్న వెళుతుంది” అన్నది. ముందు చేతితో సూటిగా, తేలికగా వేసే దెబ్బను జాబ్ అంటారు. అది ఎదుటివాడిని పడగొట్టదు గాని, దూరం కొలుస్తుంది, అతని చూపు చెదరగొడుతుంది, వెనక వచ్చే పెద్ద దెబ్బకు దారి తీస్తుంది. పోటీకి మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. బరి చుట్టూ అయిదుగురు న్యాయనిర్ణేతలు. రౌండు గెలిచినవారికి 10, రెండోవారికి 9 గాని అంతకు తక్కువ గాని వేస్తారు. మొత్తం తొమ్మిది నిమిషాలు. నాకు రెండు నిమిషాలకే ఆయాసం వచ్చింది.

“మరి నువ్వు ఎందుకు ఓడావమ్మా?” అని అప్పుడు అడిగాను.

“జాబ్ కొట్టాక నా ఎడమ చెయ్యి మొహం దగ్గరికి తిరిగి రావడం లేదు. కిందికి దిగిపోతోంది. మొదటి రౌండు గెలిచాను. రెండో రౌండులో ఆ అమ్మాయి అది కనిపెట్టింది.” కంటి కింది వాపు తడుముకుని, “యిది ఆ కనిపెట్టడమే” అన్నది.

నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే అంతకు ముందు రాత్రే నేను చదివిన కథ అది. 1936 జూన్‌లో, అప్పటికి ఓటమి ఎరుగని నల్లజాతి యువకుడు జో లూయీ జర్మనీవాడైన మాక్స్ ష్మెలింగ్ చేతిలో పన్నెండో రౌండులో కూలిపోయాడు. లూయీ పోటీల చలనచిత్రాలు ముందుగా చూసిన ష్మెలింగ్, జాబ్ వేసిన తరువాత లూయీ ఎడమ చేయి కిందికి జారుతుందని పసిగట్టాడు. ఆ సందులోనుంచే తన కుడిచేతి దెబ్బలన్నీ పంపించాడు.

లూయీ 1937లో ప్రపంచ విజేత అయ్యాడు. అయినా ష్మెలింగ్‌ను ఓడించేదాకా ఆ పేరు తనకు నిండదనుకున్నాడు. 1938 జూన్‌లో న్యూయార్కులో యిద్దరూ మళ్ళీ కలిశారు. అప్పటికి అది యిద్దరు మనుష్యుల పోటీగా మిగలలేదు. ఒక వైపు హిట్లరు జర్మనీ, ఒక వైపు అమెరికా. పోటీ మొదటి రౌండులోనే, రెండు నిమిషాల నాలుగు సెకండ్లకు ముగిసింది. లూయీ తరువాత 1949 దాకా విజేతగా వున్నాడు. కిరీటాన్ని 25 సార్లు నిలబెట్టుకున్నాడు.

1936 ఓటమి లేకపోతే ఆ ఎడమ చేయి ఎప్పటికి సరి అయ్యేదో! గొప్ప ప్రత్యర్థి మన తప్పును మనకన్న ముందు చదువుతాడు. ఆ చదివింది విని దిద్దుకోగలగడం బాక్సరు చేతిలో పని.

మా మావగారు మాత్రం పట్టు వదలలేదు. “మన కోడి రామ్మూర్తి నాయుడికి ఎవరయ్యా పాఠం చెప్పింది? వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు. కలియుగ భీముడన్నారు” అన్నారు. నిజమే, సర్కస్ పెట్టి దేశాలు తిరిగిన ఆ మహాబలుడు 1942లో కన్ను మూసినా ఆంధ్రదేశం ఆయన పేరు మరిచిపోలేదు. ఆయన బలానికి నేనూ నమస్కరిస్తాను. కాని బలప్రదర్శన వేరు, బాక్సింగు వేరు. గుండె మీద నిలిచిన ఏనుగు మన లోపం కనిపెట్టి రెండో రౌండులో మరో వైపునుంచి రాదు. ఈ మాట అన్నప్పుడు మావగారు నవ్వారు, ఒప్పుకున్నారని అనను.

నిజామాబాదు అమ్మాయి

పరాయిదేశాల కథలు ఎందుకు, మన తెలుగునేల మీద ఎవరూ లేరా అని పాఠకులు అడగవచ్చు. వున్నారు. విశాఖపట్నానికి చెందిన నగిశెట్టి ఉష 2008లో చైనాలో జరిగిన ప్రపంచ మహిళల పోటీలలో రజత పతకం తెచ్చింది. ఆమె తరువాత నిఖత్ జరీన్.

నిఖత్ 1996లో నిజామాబాదులో పుట్టింది. నలుగురు ఆడపిల్లలలో మూడవది. మొదట పరుగు పందేలకు తయారవుతున్న పిల్ల. మైదానంలో బాక్సింగు దగ్గర ఒక్క ఆడపిల్ల కూడా ఎందుకు లేదని తండ్రిని అడిగింది. ఆ తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. ఆ ప్రశ్నకు జవాబుగా కూతురిని శంసముద్దీన్ అనే శిక్షకుడి దగ్గరకు తీసుకుపోయాడు. పొట్టి నిక్కర్లేమిటని బంధువులు ఆక్షేపించారు. మొహానికి దెబ్బ తగిలితే పెళ్ళి ఎలా అవుతుందని తల్లి బెంగ పెట్టుకున్నది. (ఇది చదివి వినిపించినప్పుడు మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.) 2011లో టర్కీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో ఆ పిల్ల బంగారు పతకం గెలిచింది.

అక్కడితో కథ సాఫీగా నడిచి వుంటే నేను యింతగా చెప్పను. 2017లో భుజం దెబ్బ తిని చాలాకాలం ఆటకు దూరమయింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీకి ఎంపిక పందెం లేకుండానే మేరీ కోమ్‌ను పంపుతారన్న మాట వచ్చినప్పుడు, ఎంపిక పందెం జరిపించమని నిఖత్ క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. మేరీ కోమ్ అంటే ఎవరు? ఆరుసార్లు ప్రపంచ విజేత. మొదటి బంగారు పతకం 2002లో, ఆరవది ముగ్గురు బిడ్డల తల్లి అయిన తరువాత 2018లో. ఆడవారి బాక్సింగును ఒలింపిక్స్‌లో మొట్టమొదట చేర్చిన 2012లోనే కాంస్యం తెచ్చిన మనిషి. ఏ తక్కెడలో తూచినా సర్వకాలాల గొప్పవారిలో చేరేదే. 2019 డిసెంబరులో ఢిల్లీలో ఆ పందెం జరిగింది. నిఖత్ 9-1తో ఓడిపోయింది. అంత పట్టుపట్టి అడిగి, దేశమంతా చూస్తూండగా ఓడిపోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

2022 మే 19న ఇస్తాంబుల్‌లో ఆమె 52 కిలోల ప్రపంచ విజేత అయింది. థాయ్‌లాండుకు చెందిన జిత్పోంగ్ జుతామస్ మీద అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెకే తీర్పు యిచ్చారు. ఆ యేడే బర్మింగ్‌హాంలో కామన్వెల్తు బంగారం. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోలలో రెండవసారి ప్రపంచ విజేత. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మళ్ళీ దెబ్బ: రెండవ పందెంలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5. ఆ రాత్రి మా యింట్లో టీవీ ముందు మా అమ్మాయి అన్నం ముట్టలేదు. ఆ వూ యూయే చివరికి ఆ బరువులో బంగారు పతకం గెలిచింది. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో క్వార్టర్ ఫైనల్లో ఓటమి. అదే సంవత్సరం నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్పు ఫైనల్స్‌లో బంగారం.

నిఖత్ సర్వకాలాల గొప్ప బాక్సరా? ఆ తీర్పుకు యింకా వేళ కాలేదు. ఒలింపిక్ పతకం ఆమె చేతికి రాలేదు. కాని గొప్పవారి కథలలో కనిపించే రెండు గుర్తులు ఆమెలో వున్నాయి. అందరికన్న గట్టివారిని వెదికి అడిగి తలపడింది. పడిన ప్రతిసారీ లేచిన తరువాత మునుపటికన్న ఎక్కువ తెలిసినదానిగా వచ్చింది. మూడవ గుర్తు వేరే వున్నది: ఒక్క ఆడపిల్ల లేదేమని అడిగిన చోటునుంచి బయలుదేరి, తన వెనక వచ్చేవాళ్ళు ఆ ప్రశ్న అడగనక్కరలేకుండా చేసింది. మా అమ్మాయి కూడా ఆ వెనక వచ్చినవాళ్ళలో ఒకతె.

చాలు అనవలసినది ఎవరు?

నాలుగవ రోజు రాత్రి భోజనాల దగ్గర యిదంతా చెప్పాను. మావగారు శ్రద్ధగానే విన్నారు. మా ఆవిడ విస్తళ్ళు తీస్తూ, “గెలుపోటముల సంగతి నేనడగలేదండీ. ఓడితే ఓడనివ్వండి. ఆ దెబ్బలు తలకి తగులుతాయి కదా? దాని సంగతి మీ పుస్తకాల్లో లేదా?” అన్నది.

నాలుగు రోజులలో ఎవరూ అడగని అసలు ప్రశ్న అది. పుస్తకాలలో వున్నది, నేనే దాటవేశాను. 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు బాక్సర్లకు పదే పదే తలకు తగిలే దెబ్బలవల్ల వచ్చే రోగాన్ని గురించి వ్రాశాడు. ఔత్సాహికుల పోటీలలో రౌండ్లు తక్కువ. ఆడవారికి తలకు తొడుగు కూడా వుంటుంది. కాని ఆ తొడుగు చర్మం చిట్లకుండా కాపాడుతుందే గాని, లోపల మెదడు అదరడాన్ని పూర్తిగా ఆపలేదు. మహమ్మదాలీ అంతటివాడు, 1974లో కిన్షాసాలో జార్జి ఫోర్మన్‌ను కూల్చి పోయిన కిరీటం తిరిగి తెచ్చుకున్నవాడు, ఆగవలసినచోట ఆగలేదు. 1980లో హోమ్స్ చేతిలో, 1981లో బెర్బిక్ చేతిలో ఓడేదాకా బరి వదలలేదు. 1984లో పార్కిన్సన్ వ్యాధి అని తేల్చారు. 1996లో అట్లాంటాలో ఒలింపిక్ జ్యోతి వెలిగించినప్పుడు వణికిన ఆ చేతిని లోకమంతా చూసింది.

ఇదంతా దాచకుండా చెప్పేశాను. తరువాత మనీలా సంగతి కూడా చెప్పాను. 1975 అక్టోబరు 1న అలీ, జో ఫ్రేజియర్ మూడవసారి తలపడ్డారు. పద్నాలుగు రౌండ్లు ఒకరినొకరు నలగగొట్టుకున్నారు. ఫ్రేజియర్‌కు కన్ను కనిపించడం లేదు. అయినా పదిహేనవ రౌండుకు లేస్తానంటున్నాడు. అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు. కుర్రవాడిని కూర్చోబెట్టి పోటీ ఆపించాడు. ప్రపంచ కిరీటం, యింకొక్క మూడు నిమిషాలు. వద్దన్నాడు. ఫ్రేజియర్ గొప్పతనంలో అందువల్ల యీనాటికీ వీసమెత్తు తగ్గలేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

“అలా ఆపించే హక్కు ఆ శిక్షకుడికి వుంటుందా?” అన్నది మా ఆవిడ.

“వుంటుందమ్మా. మూలన వుండే కోచ్ గారు తువ్వాలు విసిరితే పోటీ ఆగిపోతుంది” అన్నది మా అమ్మాయి.

“సరే, విను. రేపు డాక్టరుకి చూపించాలి. ఆయన సరే అనేదాకా ఎవరితోనూ తలపడకూడదు. తల తిరిగినా, నొప్పి వచ్చినా నాతో చెప్పాలి, దాచకూడదు. మీ కోచ్ గారితో నేనొకసారి మాట్లాడాలి.”

“మాట్లాడు. నేను ఓడిపోయిన అమ్మాయి వచ్చే యేడు కూడా వస్తుందమ్మా. దానితోనే ఆడాలి” అన్నది మా అమ్మాయి.

డాక్టరు గారు పరీక్ష చేసి నెల రోజులు విశ్రాంతి చెప్పారు. నెల వెళ్ళింది. ఇప్పుడు తెల్లవారుజామున పెరట్లో అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఎడమ చేయి ముందుకు వెళ్ళి మొహం దగ్గరకు తిరిగి వస్తున్నదా లేదా అని అరుగు మీద కూర్చుని లెక్క పెట్టడం నా ఉద్యోగం. నూటికి ఎనభైసార్లు వస్తోంది. ఇరవైసార్లు దిగుతోంది. మా మావగారు కొత్తపేట నుంచి ఫోను చేసినప్పుడల్లా, “ఎంతవరకు వచ్చింది?” అంటారు. ఆయన అడిగేది ఆ లెక్కే.

మొన్న మా అమ్మాయి సంచీ సర్దుతూంటే మా ఆవిడ బీరువాలోనుంచి ఒక తెల్లని కొత్త తువ్వాలు తీసి, మడత పెట్టి, అన్నిటికన్న పైన పెట్టింది.

“ఇది ఒళ్ళు తుడుచుకోవడానికి కాదు. మీ కోచ్ గారి చేతికి నేనే యిస్తాను” అన్నది.